టిఫిన్ బండికి రెండో బ్యాటరీ

ఒరేయ్ శీనూ,

ఏడాది తిరక్కుండానే రెండో బ్యాటరీ కూడా పోయిందని, షాపువాడు డూప్లికేట్ అంటగట్టాడని నువ్వు గోల చేస్తున్నావట, మీ అమ్మ చెప్పింది. వాడి తప్పేం లేదురా. రాత్రి ఇంజిన్ ఆపేసి నాలుగు గంటలు లైట్లూ ఫ్యానూ సెల్ఫ్ బ్యాటరీ మీద నడిపితే అది ఇన్నాళ్లు ఉండటమే ఎక్కువ.

ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు ఇదే పని చేశాను కాబట్టి చెబుతున్నా. బండితో వచ్చే బ్యాటరీలో పల్చటి ప్లేట్లు బోలెడు ఉంటాయి. సెల్ఫ్ కొట్టిన రెండు మూడు సెకన్లు వందల ఆంప్స్ ఒక్కసారిగా ఇస్తుంది, ఆ తగ్గిన కాస్తా ఇంజిన్‌తో తిరిగే డైనమో వెంటనే నింపేస్తుంది. దాన్ని రోజూ అడుగంటా పిండితే ప్లేట్ల మీది మందు రాలిపోతుంది, ఛార్జ్ లేకుండా తెల్లారేదాకా వదిలేస్తే ప్లేట్ల మీద తెల్లగా పేరుకునే సల్ఫేట్ గట్టిపడిపోతుంది. డీప్ డిశ్చార్జ్ బ్యాటరీకి ప్లేట్లు మందం, ఈ-రిక్షాల్లో వాడేది ఆ రకమే. నెమ్మదిగా గంటల తరబడి ఇస్తుంది. అలాగని దాంతోనే సెల్ఫ్ కొడదామనుకోకు, అంత కరెంటు ఒక్కసారే లాగితే వోల్టేజ్ పడిపోయి ఇంజిన్ మూలుగుతుంది.

అందుకే సెల్ఫ్‌కి మామూలు బ్యాటరీయే ఉంచి, లైట్లకి వేరేగా ఈ రకం ఇంకోటి పెట్టు. ఎంతది కావాలో నీ లెక్క చూద్దాం. లైట్లు, ఫ్యాను కలిపి వంద వాట్లు అనుకో, 12 వోల్టుల మీద ఎనిమిదిన్నర ఆంప్స్ లాగుతుంది, నాలుగు గంటలకి దాదాపు 35 ఏహెచ్ (ఆంప్స్‌ని గంటలతో గుణిస్తే వచ్చేది). సగం కంటే ఎక్కువ వాడకుండా ఉండాలంటే 70 కావాలి, పాతబడే కొద్దీ తగ్గుతుంది కాబట్టి 100 తీసుకో. మిక్సీ మాత్రం దీనికి తగిలించొద్దు, చట్నీ ఇంట్లోనే వేసుకురా.

రెండు బ్యాటరీలూ వైరుతో నేరుగా కలిపేస్తే, రాత్రి లైట్లు రెండింటినీ పిండేస్తాయి, పొద్దున్నే బండి తోసుకోవాలి. ఇంజిన్ తిరిగేటప్పుడే రెండింటినీ తనంతట తానే కలిపే స్విచ్, రిలే అంటారు, ఒకటి పెట్టించు. నువ్వు తిప్పే ఐదారు కిలోమీటర్లకి డైనమో ఆ లైట్ల బ్యాటరీని నింపలేదు, అందుకే ఇంటికి రాగానే పది ఆంప్స్ ఛార్జర్‌కి పెట్టి పడుకో. బండి ఆగాక మీటరు పెట్టి చూస్తే ఫుల్‌లో 12.6, 12.7 వోల్టులు చూపిస్తుంది. లైట్లు ఆపి అరగంట ఆగాక 12.2 వచ్చిందంటే సగం అయిపోయినట్టే, ఆ రోజుకి ఇక చాలు. నెలకోసారి మూతలు తీసి డిస్టిల్డ్ వాటరే పొయ్యి, బోరు నీళ్లు పోసే తెలివి చూపించకు.

ఇంకో మాట, ఇది మాత్రం సీరియస్‌గా విను. ఛార్జ్ అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, నీ బండిలోనేమో గ్యాస్ పొయ్యి! గాలి ఆడే చోట, పొయ్యికి అవతలి వైపు, కదలకుండా బిగించు. లైట్లకెళ్లే వైరుకి ప్లస్ టెర్మినల్ దగ్గరే 15 ఆంప్స్ ఫ్యూజ్ పెట్టించు.

ఆదివారం వస్తే వైరింగ్ నేనే చేసిస్తా. చచ్చిన బ్యాటరీలు రెండూ పారెయ్యకుండా పట్టుకురా, సీసం బరువుకి కొత్తదాని మీద ఎంతో కొంత తగ్గిస్తారు.

మీ బాబాయ్