బండి నడపడం వచ్చింది, ఆపడం వచ్చిందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కొత్తగా బండి పట్టినవాళ్లవే. వాటిలోంచి అయిదింటికి జవాబు రాస్తున్నాను. మొదటిదానికి ఎక్కువ చోటు తీసుకున్నాను, ఎందుకంటే ఆ అబ్బాయి అడిగింది మిగతా నలుగురికీ కూడా ముందు తెలియాల్సిన సంగతి.

ప్రశ్న: నాకు 19 ఏళ్లు. రెండు వారాల క్రితం నాన్న 150 సీసీ బండి కొనిచ్చారు. మొన్న మా వీధి చివర కుక్క అడ్డం వస్తే వెనక బ్రేకు గట్టిగా తొక్కాను, బండి పక్కకి జారి పడ్డాను, మోచేయి గీరుకుపోయింది. ముందు బ్రేకు ముట్టుకోకు, పల్టీ కొడతావని ఫ్రెండ్స్ అంటున్నారు. అసలు ఏ బ్రేకు వాడాలి? – ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: తమ్ముడూ, మోచేతితో పోయింది, చాలా సంతోషం. నీకు జరిగింది నీ తప్పు అని కూడా అనను, ఎవరూ నేర్పలేదు కాబట్టి అలా జరిగింది. మన దగ్గర బండి నేర్పడం అంటే క్లచ్ వదలడం, గేరు మార్చడం, అంతే, ఒక సాయంత్రంలో అయిపోతుంది. ఆపడం మాత్రం ఎవరూ నేర్పరు.

సిటీ బస్సులో నిలబడి ఉన్నప్పుడు డ్రైవరు సడన్‌గా బ్రేకు కొడితే అందరం ముందుకు తూలతాం కదా, బండి మీదా అదే జరుగుతుంది. బ్రేకు పడగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, ఆ టైరు రోడ్డుని అదిమి పట్టుకుంటుంది, వెనక టైరు తేలికైపోతుంది. తేలికైన చక్రాన్ని నువ్వు ఎంత గట్టిగా తొక్కితే అంత త్వరగా అది తిరగడం మానేసి జారుతుంది, బండి తోక పక్కకి కొడుతుంది, నువ్వు కింద పడతావు. ఆపే బలంలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. దాన్ని ముట్టుకోవద్దనడం అంటే ఉన్న బలంలో సగం కన్నా ఎక్కువ వదిలేసుకోమనడమే.

మరి నీ ఫ్రెండ్స్ భయం ఊరికే పుట్టిందా అంటే, కాదు. ముందు బ్రేకుతో పడేవాళ్లు మూడు సందర్భాల్లో పడతారు: హ్యాండిల్ తిప్పి ఉన్నప్పుడు, ఇసుక మీదో కంకర మీదో ఉన్నప్పుడు, లివర్‌ని ఒక్కసారిగా గుంజినప్పుడు. హ్యాండిల్ నిటారుగా పెట్టి, గుప్పెట్లో నిమ్మకాయ పిండినట్టు, ముందు మెల్లగా, తర్వాత గట్టిగా, ఇంకా గట్టిగా నొక్కుకుంటూ పో. దానితో పాటే వెనక బ్రేకు మీద కాలు తేలిగ్గా ఉంచు. రెండూ కలిపి వాడాలి, పని ఎక్కువగా ముందుది చేయాలి.

నీ బండి గురించి ఇంకో మాట. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకి ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రం తిరగడం మానేసి జారిపోకుండా చూసే ఏర్పాటు, తప్పనిసరి చేశారు. కానీ 150 సీసీ బండ్లలో చాలావాటికి ఉండేది సింగిల్ ఛానెల్, అంటే ఆ రక్షణ ముందు చక్రానికి మాత్రమే. నీ బండీ అలాంటిదే అయితే, ఆ రోజు నువ్వు తొక్కింది ఆ రక్షణ లేని చక్రాన్ని. బండితో ఇచ్చిన పుస్తకంలో ఇది రాసి ఉంటుంది, ఇవాళే చూడు. ఏబీఎస్ ఉన్నా మలుపులో బండి వాల్చి ఉన్నప్పుడు, ఇసుక మీద ఉన్నప్పుడు దాన్ని నమ్ముకోకు, అక్కడికి చేరకముందే స్పీడు తగ్గించుకో.

ఇప్పుడు చేయాల్సిన పని. ఆదివారం పొద్దున్నే కాలేజీ గ్రౌండుకో, ఖాళీగా ఉన్న సిమెంటు రోడ్డుకో వెళ్లు, హెల్మెట్, బూట్లు, ఫుల్ హ్యాండ్స్ షర్టు వేసుకొని వెళ్లు. సుద్దముక్కతో ఒక గీత గియ్యి. 20 స్పీడులో వచ్చి గీత దగ్గర రెండు బ్రేకులూ వేసి ఎక్కడ ఆగావో చూసుకో. పదిసార్లు చేశాక 30కి పెంచు, ఇంకో వారానికి 40. చూపు ముందు చక్రం మీద కాకుండా దూరంగా ఉండాలి, కిందికి చూస్తే కిందికే పడతాం. ఆపేటప్పుడు చివర్లో క్లచ్ పట్టడం, ఎడమ కాలు దింపడం కూడా అలవాటు కావాలి. ఇలా మూడు నాలుగు ఆదివారాలు చేస్తే, కుక్క అడ్డం వచ్చినప్పుడు నీ చెయ్యి ఆలోచించకుండా సరైన పని చేస్తుంది. ఆ క్షణంలో ఆలోచించే టైమ్ ఉండదు మరి.

ఎందుకుండదో లెక్క చూడు. 60 స్పీడులో బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు వెళ్తుంది. కుక్కని చూసి నీ చెయ్యి బ్రేకు మీద పడేలోపు ఒక సెకను పోతే, బ్రేకు పడకముందే 17 మీటర్లు అయిపోయాయి. ఆపైన, 40 నుంచి 60కి వెళ్తే స్పీడు ఒకటిన్నర రెట్లే పెరుగుతుంది గానీ, బ్రేకు వేశాక ఆగడానికి కావాల్సిన దూరం రెండుంపావు రెట్లు అవుతుంది. వీధుల్లో 30 దాటొద్దని నేను అనేది ఈ లెక్క వల్లే. కుక్కని తప్పించాలని బ్రేకు పట్టుకొనే హ్యాండిల్ తిప్పడం మాత్రం ఎప్పుడూ చేయకు.

ప్రశ్న: నేను పదేళ్లుగా స్కూటీ నడుపుతున్నాను. ఇప్పుడు గేరు బండి నేర్చుకోవాలని ఉంది. ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. మా ఇంట్లో నీ వల్ల కాదంటున్నారు. ఉన్న లైసెన్సు సరిపోతుందా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ వల్ల అవుతుంది. పదేళ్లు ట్రాఫిక్‌లో బండి నడిపిన మనిషికి రోడ్డు చదవడం ఇప్పటికే వచ్చు, అదే కష్టమైన భాగం, మీరు కొత్తగా నేర్చుకోవాల్సింది క్లచ్ ఒక్కటే.

లైసెన్సు మాత్రం ఒకసారి తీసి చూడండి. గేరు లేని బండ్లకి మాత్రమే అని ఉంటే అది సరిపోదు, గేరు బండి తరగతి దానికి కలిపించుకోవాలి. దానికి మళ్లీ ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్సు) తీసుకోవాలి, అది ఆరు నెలలు పనిచేస్తుంది, 30 రోజులు గడిచాక టెస్టుకి వెళ్లొచ్చు.

ఎత్తు గురించి భయపడకండి. స్ప్లెండర్ లాంటి బండి సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు, బరువు 112 కిలోల దాకా. బుల్లెట్ 350 అయితే 190 కిలోలు దాటుతుంది, అది మొదటి బండిగా వద్దు. రెండు పాదాలూ పూర్తిగా ఆనకపోయినా పరవాలేదు, ఎడమ పాదం గట్టిగా ఆనితే చాలు.

మొదటి రెండు రోజులు యాక్సిలేటర్ అసలు ముట్టుకోకండి. ఫస్ట్ గేరు వేసి, క్లచ్‌ని వెంట్రుకవాసి వెంట్రుకవాసి వదులుతూ బండి కదలడం మొదలయ్యే చోటు ఎక్కడుందో వేళ్లకి తెలిసేదాకా అదే పని చేయండి, ముందుకి పది అడుగులు, ఆపడం, మళ్లీ. బండి ఆగిపోతుంది, ఆగిపోనివ్వండి. స్కూటీ అలవాటు వల్ల ఒక ప్రమాదం ఉంది: స్కూటీలో ఎడమ చేతి లివర్ బ్రేకు, ఇక్కడ అదే క్లచ్. కంగారులో ఎడమ చెయ్యి గట్టిగా పట్టేసి బండి ఎందుకు ఆగట్లేదని హడలిపోయినవాళ్లని చూశాను. అందుకే పైన కరీంనగర్ అబ్బాయికి చెప్పిన గీత ప్రాక్టీసు మీకూ కావాలి, మీకు ఇంకా ఎక్కువ కావాలి.

టెస్టులో 8 ఆకారం తిప్పేటప్పుడు వెనక బ్రేకు కొద్దిగా తొక్కి పట్టుకొని, హాఫ్ క్లచ్‌తో, అంటే క్లచ్ సగమే వదిలి, తర్వాత ఎటు వెళ్లాలో అటు తల తిప్పి చూస్తే బండి అటే వెళ్తుంది. చున్నీ వేసుకుంటే ముందుకి తెచ్చి ముడి వేసుకోండి, చీరైతే కొంగు దోపుకోండి. చైన్‌లోకి గుడ్డ వెళ్తే లాగి పడేస్తుంది.

ప్రశ్న: ఎండాకాలంలో హెల్మెట్ పెడితే తల ఉడికిపోతోంది. రోడ్డు పక్కన దొరికే టోపీ లాంటిది సరిపోదా? – ఒక పాఠకుడు, రామగుండం

జవాబు: సరిపోదు. 2021 జూన్ నుంచి ఐఎస్ఐ మార్కు లేని టూవీలర్ హెల్మెట్ అమ్మడమే నేరం. వెనకవైపు ఐఎస్ 4151 అన్న నంబరు చూసి కొనండి. కనుబొమ్మల పైనుంచి తల చుట్టూ టేపుతో కొలుచుకొని ఆ సైజే అడగండి, పెట్టుకున్నాక చెంపలు కాస్త నొక్కుతున్నట్టు ఉండాలి, తల అటూ ఇటూ ఊపితే హెల్మెట్ విడిగా తిరగకూడదు. స్ట్రాప్ బిగించకపోతే మనం నేల తాకేలోపే అది ఊడిపోతుంది. లోపల థర్మాకోల్ లాంటి పొర ఉంటుంది, దెబ్బ తగిలినప్పుడు నలిగిపోయి తలని కాపాడేది అదే, ఒకసారి గట్టిగా పడ్డ హెల్మెట్‌లో ఆ పొర మళ్లీ పనిచేయదు, పైకి బాగానే కనిపించినా మార్చేయండి. ఎండకి, లోపల పల్చటి కాటన్ గుడ్డ కట్టుకోండి, గాలి రంధ్రాలున్న మోడల్ తీసుకోండి. రామగుండం ఎండ నాకు తెలుసు. అయినా పెట్టుకోండి. వెనక కూర్చునే మనిషికి కూడా ఒకటి కొనండి.

ప్రశ్న: రాత్రి పదకొండుకి డ్యూటీ దిగి 22 కిలోమీటర్లు బండి మీద ఊరికి వెళ్లాలి, కొంత దూరం హైవే, మిగతాది ఊళ్ల మీదుగా. బండి కొని నెలే అయింది. చాలా టెన్షన్‌గా ఉంటోంది. – ఒక పాఠకుడు, సూర్యాపేట జిల్లా

జవాబు: ఆ టెన్షన్ ఉండటం మంచిదే, అది పోయాకే చాలామంది పడతారు. మీరు రాసింది చదువుతుంటే నాకు నా రోజులు గుర్తొచ్చాయి. కోతల కాలంలో ఒక రాత్రి, సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, పైన నల్ల టార్పాలిన్ కప్పి, ఎగిరిపోకుండా చుట్టూ బండరాళ్లు పెట్టారు. నల్ల రోడ్డు మీద నల్ల పట్టా, లైటు వెలుగులో అసలు కనిపించలేదు. ముందు చక్రం రాయికి తగిలి ఎగిరిపడ్డాను, కాలర్ బోన్ విరిగింది, హెల్మెట్ గడ్డం దగ్గర రెండు వేళ్ల లోతు అరిగిపోయింది. ఆ రైతు మీద నాకు కోపం లేదు, కల్లం లేని మనిషి ఎక్కడ ఆరబోసుకుంటాడు? కానీ అప్పట్నుంచి నేను పెట్టుకున్న నియమం ఒకటే: నా లైటు ఎంత దూరం పడుతుందో ఆ దూరంలో ఆగగలిగే స్పీడులోనే వెళ్తాను. మీ ఊళ్ల రోడ్డు మీద అది 40 కన్నా ఎక్కువ కాదు. వరి కోతలప్పుడు ఇంకా తగ్గించండి. గింజల మీదికి వెళ్లక తప్పకపోతే బ్రేకు వేయకండి, హ్యాండిల్ తిప్పకండి, యాక్సిలేటర్ మెల్లగా వదిలి నేరుగా పోనివ్వండి.

వెనక లైటు లేని ట్రాక్టర్లు, ట్రాలీలో బయటికి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు, చీకటి పడ్డాక రోడ్డు మీదే పడుకునే గేదెలు, ఇవన్నీ మీ దారిలో ఉంటాయి. ఎదుటి బండి హై బీమ్ కొట్టినప్పుడు ఆ లైటుని చూడకండి, చూపు ఎడమవైపు తెల్లగీత మీదికి దించి స్పీడు తగ్గించండి. మీరూ డిప్ చేయండి, అంటే మీ లైటుని కిందికి దించండి. హెల్మెట్ ముందుండే అద్దం, అదే వైజర్, గీతలు పడి ఉంటే దానితో రాత్రి నడపొద్దు, ఒక్కో గీత ఒక్కో మెరుపులా కనిపిస్తుంది. రంగు వైజర్ అయితే రాత్రికి అసలే వద్దు.

హైవే మీద మీకు ఎక్కువ ప్రమాదం డివైడర్ మధ్య వదిలిన ఖాళీల దగ్గర. పెట్రోల్ బంకు కోసమో, దాబా కోసమో రాంగ్ రూట్‌లో వచ్చే బండి అక్కడే ఎదురవుతుంది, అలాంటి చోటు వస్తోందని తెలియగానే వేళ్లు బ్రేకు మీదికి తెచ్చుకోండి. లారీ పక్కనే ఉండిపోయి దానితో సమానంగా వెళ్లకండి. దాని అద్దంలో డ్రైవరు మొహం మీకు కనిపించకపోతే అతనికి మీరు కనిపించట్లేదని అర్థం, వెనకే ఉండండి లేదా పూర్తిగా దాటేయండి. ముందు బండి ఒక స్తంభం దాటాక మీరు అక్కడికి చేరడానికి రెండు సెకన్లైనా పట్టాలి, వాన పడుతుంటే నాలుగు.

తొలకరి వాన మరీ జాగ్రత్త, నెలల తరబడి పేరుకున్న ఆయిలూ దుమ్మూ తడిసి రోడ్డు సబ్బులా అవుతుంది. వీలైతే మొదటి అరగంట ఎక్కడైనా ఆగండి. ఎర్రటి రిఫ్లెక్టర్ స్టిక్కర్లు రెండు బ్యాగు వెనక అంటించుకోండి. నిద్ర వస్తుంటే ఇంట్లో ఫోన్ చేసి చెప్పి, వెలుతురున్న చోట పావుగంట పడుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ప్రశ్న: మా అబ్బాయికి 17, ఇంటర్ రెండో సంవత్సరం. కాలేజీ 12 కిలోమీటర్లు. నా బండి ఇవ్వమని రోజూ గొడవ. తోటివాళ్లంతా తెస్తున్నారట. నేను ఇరవై ఏళ్లుగా లైసెన్సుతో నడుపుతున్నాను, నేనే నేర్పి ఇవ్వనా? – ఒక తండ్రి, నంద్యాల

జవాబు: ఇవ్వకండి. 16 ఏళ్లకి చట్టం ఒప్పుకునేది 50 సీసీ లోపు గేరు లేని బండికే, మీ ఇంట్లో ఉన్న బండి అది కాదు. 2019లో సవరించిన చట్టం ప్రకారం మైనర్ బండితో దొరికితే తండ్రికి 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. లైసెన్సు లేకుండా ఎవరికైనా తగిలిస్తే, బాధితులకి ఇన్సూరెన్స్ కంపెనీ కట్టినా ఆ డబ్బు మళ్లీ మీ దగ్గర వసూలు చేయొచ్చు. ఇవన్నీ చెప్పినా పిల్లలు వినరని తెలుసు, కాబట్టి వద్దు అని ఊరుకోకుండా ఈ ఏడాది వాడికి బండి పని అప్పగించండి. వారానికోసారి టైర్లలో గాలి చూడటం, చైన్‌కి ఆయిల్ వేయడం, బ్రేకు లైటు వెలుగుతోందో లేదో చూడటం, వాడి చేత చేయించండి. మీ వెనక హెల్మెట్‌తో కూర్చోబెట్టుకొని, ముందు ఏం ప్రమాదం కనిపిస్తోందో వాడినే చెప్పమనండి. ఇప్పటికి ఆర్టీసీ స్టూడెంట్ పాస్ తీయండి.

పద్దెనిమిది నిండిన వారమే ఎల్ఎల్ఆర్‌కి స్లాట్ బుక్ చేయండి. ముందూ వెనకా తెల్ల పలక మీద ఎర్ర ఎల్ అక్షరం ఉండాలి, ఎల్ఎల్ఆర్ మీద ఉన్నప్పుడు నేర్పేవాళ్లని తప్ప ఇంకెవర్నీ ఎక్కించుకోకూడదు, ఫ్రెండ్‌ని అసలే కూడదు. ఆ సీటు మీది. కాలేజీ దాకా ఆ 12 కిలోమీటర్లూ నెల రోజులు మీరే వెనక కూర్చొని వెళ్లి, బస్సులో తిరిగి రండి.