అడవిని కాపాడేవారే గడ్డిని ఎందుకు తగలబెడతారు?

హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్తుండగా మన్ననూరు దాటాక అటవీ సిబ్బంది రోడ్డు పక్క గడ్డిని కాల్చడం చూశానని, అది నేరం కాదా అని ఒకరు అడిగారు.

కాదు, దాన్ని ఫైర్ లైన్ అంటారు. నల్లమలలో టేకు ఆకు రాలి, బోద గడ్డి ఎండి, నేలంతా అప్పడంలా పెళపెళలాడే వేసవికి ముందే, కొంత వెడల్పున గడ్డి కోసి, గాలి లేని వేళ దగ్గరుండి కాలిస్తే, ఆ తర్వాత ఎవరో పారేసిన బీడీ ముక్కతో అంటుకున్న మంట ఆ బోసి నేల దగ్గర మేత దొరక్క ఆగిపోతుంది. ఇప్పపువ్వు ఏరేందుకూ, తునికాకు కొత్త చిగురు కోసమూ పెట్టే నిప్పులే ఎక్కువ ప్రమాదకరం. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాల ద్వారా మంటలను గుర్తించి ఫోన్లకు సందేశాలు పంపుతుంది గానీ, ఆర్పేది మాత్రం చేతిలో పచ్చికొమ్మ పట్టుకున్న మనిషే.