ప్రింటులో గుడి నల్లగా వచ్చిందన్న వారికి
మహాబలిపురం తీరాలయం ఫొటో స్క్రీన్ మీద బాగుంది, ప్రింటులో మాత్రం శిఖరం బొగ్గులా వచ్చిందన్నారు కదా, ల్యాబును తిట్టకండి, ముందు మీ మానిటర్ బ్రైట్‌నెస్ చూడండి. స్క్రీన్ తనే వెలుగుతుంది, కాగితం తన మీద పడ్డ వెలుతురునే తిప్పి పంపుతుంది, అందుకే బ్రైట్‌నెస్ 100 నిట్ల (తెర వెలుగును కొలిచే యూనిట్) దగ్గరికి తగ్గించి మళ్లీ ఎడిట్ చేయండి, నీడలు ఎంత ముదురో మీకే తెలుస్తుంది. చెన్నైలో మా హాలుకని పెద్ద ప్రింటు వేయించి నేనూ డబ్బు తగలేశాను. ఉప్పుగాలికి అరిగిన రాతి మీది చెక్కడమంతా ఒకటే మసిముద్ద. ఇప్పుడు ల్యాబును ఐసీసీ ప్రొఫైల్ (వాళ్ల ప్రింటరు, కాగితం మీద రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైలు) అడిగి, దానితో సాఫ్ట్ ప్రూఫింగ్, అంటే ప్రింటు ఎలా వస్తుందో ముందే స్క్రీన్ మీద చూసుకుని, ముందు శిఖరం ముక్క ఒక్కటే ఎ4లో వేయిస్తాను. మ్యాట్ కాగితమైతే నీడలు ఇంకాస్త లేపాలి, అంటే ఎడిట్‌లో వాటి వెలుగు పెంచాలి. అన్నట్టు, సూర్యోదయం వేళ పడమర వైపు నిలబడి తీశారేమో, ఎండ పడేది తూర్పు ముఖం మీదండీ.