ఎనిమిదేళ్లు పాట నేర్పితే డీజే బీట్లు చేస్తున్నాడు!

ప్రశ్న: మాది శ్రీకాకుళం. నేను విజయనగరం సంగీత కళాశాలలో గాత్రం డిప్లొమా చేసి, ఇంట్లో పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. ఎనిమిదేళ్లు నేనే నేర్పాను, వర్ణాలు దాటి కృతుల్లోకి వచ్చాడు. ఏడాదిన్నరగా సాధన మానేసి ల్యాప్‌టాప్‌లో బీట్లు చేస్తున్నాడు. వినాయక చవితికి ఊరేగింపు రీమిక్సులు చేసిచ్చి ఆరు వేలు తెచ్చి నా చేతిలో పెడితే ఏడుపొచ్చింది. ఇప్పుడు ఒక ప్రైవేటు సంస్థలో ఏడాది మ్యూజిక్ ప్రొడక్షన్ డిప్లొమా చేస్తానంటున్నాడు. ఫీజు నాలుగు లక్షలు. వాళ్ల నాన్న బీటెక్ అంటున్నారు. నాకు బీఏ మ్యూజిక్ చదివించాలని ఉంది. మూడింట్లో ఏది మంచిది? డబ్బు కోసం చేసే ఈ మోతను సంగీతం అనొచ్చా?

జవాబు: అమ్మా, మూడు కోర్సులు పోల్చమన్నారు, పోలుస్తాను. కానీ మీ ఉత్తరంలో నాలుగు లక్షల కంటే ఆ ఆరు వేల బాధే ఎక్కువ కనిపించింది. ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. ఒకరింట్లో మృదంగం నేర్చిన కుర్రాడు ప్యాడ్స్ వాయిస్తానంటాడు, ఇంకొకరింట్లో కూచిపూడి నేర్చిన అమ్మాయి రీల్స్ చేస్తానంటుంది. పైకి అడిగేది "స్కోప్ ఉందా?" అని. లోపల మెలిపెట్టేది "నేను నేర్పిందంతా బూడిదలో పోసిన పన్నీరేనా?" అని. ముందు దానికి జవాబు చెబుతాను. కాదు.

ఎందుకంటే, ఈ పనిలో చెవే పెట్టుబడి. గొంతు శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు ప్రతి స్టూడియోలోనూ ఉన్నాయి. మామూలుగా వాటికి తెలిసింది పన్నెండు స్వరస్థానాలే. తోడి రాగంలో గాంధారం ఊగుతుంటే అది గమకమని, కావాలనే స్వరాన్ని ఊపి పాడడమని వాటికి తెలియదు, తప్పనుకుంటాయి. సెట్టింగు కాస్త గట్టిగా పెడితే ఆ ఊపును చదును చేసేస్తాయి. ఎక్కడ సరిచేయాలో, ఎక్కడ చెయ్యి పెట్టకూడదో పక్కన కూర్చున్న మనిషి చెప్పాలి. రాగం తెలియనివాడు ఎన్ని ప్లగిన్లు (అనుబంధ సాఫ్ట్‌వేర్లు) కొన్నా చెప్పలేడు. మీ అబ్బాయి చెప్పగలడు. అది మీ ఎనిమిదేళ్ల పుణ్యమే.

ఇక డబ్బు సంగతి. ఇక్కడ కొంచెం కటువుగా మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు. మీరు చదివిన కాలేజీ 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్. మధుకరం ఎత్తుకుని, అంటే ఇంటింటా అన్నం అడుక్కుని, ఆ ఊళ్లో సంగీతం నేర్చుకున్న ఘంటసాల గారు తర్వాత ఎక్కడికి వెళ్లారు? మద్రాసుకి, సినిమాల్లోకి. అక్కడే చదివిన సుశీల గారూ అంతే. వాళ్లు పారితోషికం తీసుకుని పాడిన పాటలు మీ ఇంట్లో మోగితే "మోత" అనరు కదా? త్యాగరాజస్వామి రాజు కానుకలు కాదన్నారని పిల్లలకు కథ చెబుతాం. అంతకు వందేళ్ల పైచిలుకు ముందు అదే తంజావూరులో క్షేత్రయ్య విజయరాఘవ నాయకుడి కొలువులో పదాలు పాడాడు. మీ పాఠాల్లో ఇద్దరికీ చోటుంది కదా. అంతెందుకు, మీరు నెలనెలా ఫీజు తీసుకునే పాఠం చెబుతున్నారు. తప్పు అనడం లేదు. కొడుకు మొదటి సంపాదన తెచ్చి చేతిలో పెట్టినప్పుడు ఏడవడం మాత్రం తప్పే.

అలాగని వాడు చేసింది గొప్ప అనడం లేదు. రీమిక్స్ అంటే పాట ఇంకొకరిది, గొంతు ఇంకొకరిది, కింద వేసిన లూపు (తిరిగి తిరిగి మోగే దరువు ముక్క) ఎక్కడో దించుకున్నది. అనుమతి లేకుండా చేసినదాన్ని యూట్యూబ్‌లో పెడితే, ఎవరి పాటో పోల్చిపట్టే కంటెంట్ ఐడీ అనే ఏర్పాటు పట్టేస్తుంది. దాని మీద వచ్చే డబ్బు హక్కుదారుకే పోతుంది, లేదంటే వీడియోనే ఆగిపోతుంది. కాబట్టి మీరు నిలదీయాల్సింది డబ్బెందుకు తీసుకున్నావని కాదు, ఇందులో నీదేముందని. మీ జిల్లాలో తప్పెటగుళ్లు ఉన్నాయి. గుండెల మీద రేకు తప్పెట కట్టుకుని గంటల తరబడి ఆడేవాళ్ల దరువు ఏ లూపు ప్యాకులోనూ ఉన్నది ఉన్నట్టుగా దొరకదు. పోయి రికార్డు చేసుకు రమ్మనండి. తల్లిగా కాదు, గురువుగా అడగండి.

డిప్లొమా మీద నా అనుమానాలు ఇప్పుడు చెబుతాను. ఈ మధ్య అందరి నోటా ఇదే మాట కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను. నాలుగు లక్షలకు అక్కడ నేర్పేది చాలావరకు సాఫ్ట్‌వేర్ వాడకం, మిక్సింగ్ మొదటి మెట్లు. ఎఫ్‌ఎల్ స్టూడియో, ఏబుల్టన్ లాంటి పాటలు కూర్చే సాఫ్ట్‌వేర్లు వాడు ఇప్పటికే తిప్పుతూ ఉంటాడు. అలాంటిదే రీపర్ అనే సాఫ్ట్‌వేర్ వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లే. ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె), మైకు, మంచి హెడ్‌ఫోన్స్ కలిపి నలభై వేల లోపు వచ్చేస్తాయి. కోర్సు అయ్యాక చేతికొచ్చేది సర్టిఫికెట్టు. మ్యూజిక్ ప్రొడ్యూసర్ పోస్టుకు నోటిఫికేషన్ పడదు. స్టూడియోలో పని మనుషుల ద్వారా వస్తుంది. ఎవరో ఒక ప్రోగ్రామర్ (కంప్యూటర్‌లో సంగీతం కూర్చేవాడు) పక్కన అసిస్టెంటుగా కూర్చుని, రాత్రుళ్లు ఫైళ్లు సర్దుతూ ఉంటే వస్తుంది. రెహమాన్ అంతటివాడు 1992లో సంగీత దర్శకుడిగా తెరమీదకు వచ్చే ముందు ఏళ్ల తరబడి రాజ్-కోటి లాంటి వాళ్ల దగ్గర కీబోర్డు వాయించాడు.

సొంత పాటలు పెట్టుకుంటానంటే, స్పాటిఫైలో 2024 నుంచి ఏడాదిలో కనీసం 1,000 సార్లు వినిపించని పాటకు రాయల్టీ లెక్కే కట్టరు. సినిమా పనిలో 2012 కాపీరైట్ సవరణ స్వరకర్తకీ గేయరచయితకీ రాయల్టీలో వాటా కాపాడింది. బీట్ ప్రోగ్రామింగ్ చేసినవాడికి మాత్రం ఎక్కువగా ఒకేసారి ఇచ్చే మొత్తమే. అందుకే పేరు ఏ హోదాలో పడుతుందో ముందే రాయించుకోవడం నేర్చుకోవాలి.

పైగా ఏఐ. సునో, యూడియో లాంటి వాటికి ఒక వాక్యం రాసిస్తే గొంతుతో సహా పాట చేసిపెడుతున్నాయి. పెద్ద రికార్డు కంపెనీలు 2024 జూన్‌లో వాటి మీద కేసులు వేశాయి. కేసులు ఎటు పోయినా, పెళ్లి వీడియో వెనక సంగీతం, షాపు ప్రకటన, ఛానెల్ ఇంట్రో లాంటి చిన్న పనులు ముందు పోతాయని నా భయం. కొత్తవాళ్లకు అన్నం పెట్టే పనులు సరిగ్గా అవే. "100 శాతం ప్లేస్‌మెంట్" అని బోర్డు పెట్టినవాళ్లు ఈ మాట చెప్పరు. గత బ్యాచ్ పిల్లల్లో ఇద్దరిని మీరే వెతికి పట్టుకుని, ఈ నెల ఎంత సంపాదించావు బాబూ అని అడగండి. నా దగ్గరకు వచ్చినవాళ్లలో ఈ కోర్సు చేసి, చివరికి అలాంటి కోర్సుల్లోనే పాఠాలు చెబుతున్నవాళ్లు ఉన్నారు.

మిగతా రెండూ చూద్దాం. బీఏ మ్యూజిక్ పాఠం చెప్పాలనుకునేవాళ్లకు మంచిది. మీకు ఇష్టం కాబట్టి వాడిని అందులో కూర్చోబెడితే ఉన్న ఇష్టం కూడా పోతుంది. బీటెక్ అయితే, ఈసీఈలో సిగ్నల్ ప్రాసెసింగ్ చదువుతాడు. వాడు రోజూ తిప్పే ఈక్వలైజర్ వెనక ఉన్న లెక్క అదే. ఫిజిక్స్ అంటే ఇష్టముంటే వాళ్ల నాన్నగారి మాట కొట్టిపారేయకండి. లేకపోతే విశాఖలో మూడేళ్ల బీఎస్సీ చాలు. ఆ నలభై వేల సామాను కొనివ్వండి, మిగిలిన డబ్బు బ్యాంకులో ఉండనివ్వండి. పుణె ఎఫ్‌టీఐఐ, కోల్‌కతా సత్యజిత్ రే సంస్థ లాంటి సినిమా విద్యాసంస్థల్లో సౌండ్ కోర్సులకు డిగ్రీ ఎలాగూ కావాలి. అప్పటికి వాడికి ఇరవై ఒకటి. ఏమీ మించిపోదు. టెన్షన్ పడాల్సిన వయసు వాడిదీ కాదు, మీదీ కాదు.

ఒక్క విషయంలో మాత్రం మీరు ఎంత కేకలేసినా నేను మీవైపే. 85 డెసిబెల్స్ శబ్దంలో ఎనిమిది గంటలు ఉండొచ్చనుకుంటే, 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటే హద్దు. ఊరేగింపు బాక్సుల పక్కన రాత్రంతా నిలబడితే పోయేది మీరు ఎనిమిదేళ్లు తీర్చిదిద్దిన ఆ చెవులే. వచ్చే చవితికి వాడు వెళ్లకుండా ఆపలేరు గానీ, ఇయర్ ప్లగ్స్ కొని జేబులో పెట్టి పంపండి.