ముహ్సిన్ ఎర్తూరుల్‌ను తుర్కీ సినిమాకు ఆద్యుడు అనవచ్చా?

అనవచ్చు గాని, కొంత సవరణతో. 1892లో ఇస్తాంబుల్‌లో పుట్టిన ఎర్తూరుల్ కన్నా ముందే అక్కడ సినిమాలు తీసినవారు ఉన్నారు. అయితే 1922 నుంచి 1939 వరకు ఆ దేశంలో కథాచిత్రాల దర్శకుడంటే దాదాపు ఆయనొక్కడే.

హాలిదే ఎదిబ్ నవల ఆధారంగా 1923లో ఆయన తీసిన ‘అతెష్‌తెన్ గోమ్లెక్’ (నిప్పుల చొక్కా) అన్నిటికన్నా ముఖ్యమైనదని నా అభిప్రాయం. అంతవరకు తెరపై స్త్రీ పాత్రలను ముస్లిమేతర నటీమణులే పోషించేవారు. రచయిత్రి పట్టుబట్టడంతో బెదియా మువహ్హిత్, నెయ్యిరె నెయిర్ అనే ఇద్దరు తుర్కీ ముస్లిం స్త్రీలు తొలిసారిగా కెమెరా ముందుకు వచ్చారు. (నెయ్యిరె తరువాత ఆయననే పెళ్లాడింది.) తుర్కీ తొలి టాకీ 1931లో, తొలి రంగుల చిత్రం 1953లో ఆయన చేతి మీదుగానే వచ్చాయి.

అయినా ఆయన అసలు ఇల్లు రంగస్థలమే. 1927లో ఇస్తాంబుల్ నగర నాటక సంస్థ పగ్గాలు చేపట్టారు; 1949లో ప్రభుత్వ నాటకరంగానికి తొలి అధిపతి అయ్యారు. నాటకాల్లో ఆడే నటులనే సినిమాల్లోకీ తీసుకోవడం వల్ల, ఆయన చిత్రాల్లో మాట తీరు, కదలిక వేదికను దాటి రాలేదన్న విమర్శ ఉంది, అది న్యాయమైనదే.