ఆమ్లానికి నీళ్లు కలుపుతూ పోతే పీహెచ్ ఏడు దాటుతుందా?

హైడ్రోక్లోరికామ్లాన్ని పది రెట్లు విలీనం (నీటితో పలుచన) చేసిన ప్రతిసారీ పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 తటస్థం, అంతకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) ఒకటి చొప్పున పెరుగుతుంది కాబట్టి 10⁻⁸ మోలార్ (లీటరుకు 10⁻⁸ మోల్‌ల) ద్రావణానికి పీహెచ్ 8 రావాలి, అంటే ఆమ్లం క్షారంగా మారినట్లేనా అని అడిగారు. మారదు. డిగ్రీ మొదటి సంవత్సరంలో ఇదే లెక్కకు నేనూ ధీమాగా 8 అని రాశాను. ఆమ్లంలో నీళ్లు పోస్తే క్షారం ఎలా పుట్టిందో చెప్పమని మా మాస్టారు అడిగినప్పుడు నా దగ్గర సమాధానం లేదు.

తప్పు పీహెచ్ = −log[H⁺] అనే సూత్రంలో లేదు ([H⁺] అంటే హైడ్రోజన్ అయాన్ల గాఢత), అందులో మనం వేసే సంఖ్యలో ఉంది. ఆమ్లం ఇచ్చిన హైడ్రోజన్ అయాన్లనే కాక, ద్రావణంలో ఉన్న మొత్తం హైడ్రోజన్ అయాన్లను లెక్కలోకి తీసుకోవాలి. శుద్ధమైన నీరు కూడా 25 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరుకు 10⁻⁷ మోల్‌ల హైడ్రోజన్ అయాన్లను, అన్నే హైడ్రాక్సైడ్ అయాన్లను ఇస్తుంది. ఆమ్ల గాఢత 10⁻³ ఉన్నప్పుడు నీటి వాటాను వదిలేసినా ఏమీ కాదు. 10⁻⁸ దగ్గర మాత్రం నీటి వాటాయే ఎక్కువ. ఆ రెండింటినీ ఊరికే కూడితే 1.1 × 10⁻⁷ వస్తుంది గానీ, ఆమ్లం ఉండటం వల్ల నీటి అయనీకరణం కొంచెం తగ్గుతుంది కనుక, రెండు అయాన్ల గాఢతల లబ్ధం 10⁻¹⁴ ఉండేలా వర్గ సమీకరణం సాధిస్తే 1.05 × 10⁻⁷, అంటే పీహెచ్ 6.98 వస్తుంది.

కొన్నేళ్ల తర్వాత ప్రయోగశాలలో దీన్ని స్వయంగా కొలిచి చూడాలనిపించింది. 0.1 మోలార్ ఆమ్లంతో మొదలుపెట్టి, ప్రతిసారీ పిపెట్‌తో 10 మి.లీ. తీసి 100 మి.లీ. వాల్యూమెట్రిక్ ఫ్లాస్కులో పోసి, గీత వరకు స్వేదన జలంతో నింపుతూ వెళ్లాను. (10 మి.లీ.కి 100 మి.లీ. నీరు కలిపితే పదకొండు రెట్లవుతుంది. ఈ పొరపాటు నేను చాలామంది దగ్గర చూశాను.) 2, 3, 4 వరకు అంతా సవ్యంగానే నడిచింది. 10⁻⁶ మోలార్ ఫ్లాస్కులో మాత్రం 6 రావలసిన చోట మీటరు 5.5 దగ్గర ఊగిసలాడింది. ఎలక్ట్రోడ్ పాడైందనుకొని పీహెచ్ 4, 7 వద్ద స్థిరంగా ఉండే బఫర్ ద్రావణాలతో సరిచూస్తే దానిలో ఏ లోపమూ కనిపించలేదు. చివరికి ఆమ్లం చుక్కయినా కలపని స్వేదన జలాన్నే కొలిచాను, అదీ 5.6 చూపింది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ అందులో కరిగి కార్బోనికామ్లంగా మారడమే కారణం. ఆ నీటినే మరిగించి, మూతపెట్టి చల్లార్చి కొలిస్తే 6.8 దాకా ఎక్కి, మూత తీసి ఉంచేసరికి మళ్లీ మెల్లగా దిగడం మొదలుపెట్టింది.

మీ ప్రశ్నలోని మొదటి మాటకు కూడా ఒక సవరణ అవసరం. పది రెట్లకు ఒకటి చొప్పున పెరగడం, నీటిలో దాదాపు పూర్తిగా అయాన్లుగా విడిపోయే బలమైన ఆమ్లాలకే చెల్లుతుంది. ఎసిటికామ్లం వంటి బలహీన ఆమ్లంలో, విలీనం చేసేకొద్దీ అణువులలో మరింత భాగం అయాన్లుగా విడిపోతుంది: 0.1 మోలార్ వద్ద సుమారు 1.3 శాతం, 0.01 మోలార్ వద్ద సుమారు 4 శాతం. అందుకే అక్కడ పీహెచ్ 2.9 నుంచి 3.4కు, అంటే అర అంకె మాత్రమే పెరుగుతుంది.