కుట్టు కబుర్లు: బాల్ గౌను కింద ఉక్కు రింగుల లంగా

ప్రశ్న: అక్కా, డిసెంబరులో మా అమ్మాయికి చర్చిలో పెళ్లి. తెల్ల శాటిన్ బాల్ గౌను కుట్టిస్తున్నాం. గౌను ఉబ్బుగా నిలబడడానికి రింగుల లంగా అద్దెకు తెచ్చాం. ట్రయల్ వేసి చూస్తే గౌను బరువుకి ప్లాస్టిక్ రింగులు వంకర్లు తిరిగిపోయాయి. బిరుసు నెట్ కుచ్చుల క్యాన్‌క్యాన్ లంగా వేస్తే ఉక్కపోత, కాళ్లు గీరుకుంటున్నాయని గోల. నాకు చీర లంగాలు, జాకెట్లు కుట్టడం వచ్చు. ఉక్కు రింగులతో ఇంట్లో కుట్టుకోగలనా? టెన్షన్‌గా ఉంది. (ఒక పెళ్లికూతురి తల్లి, విజయవాడ)

జవాబు: కుట్టుకోగలరు. ఆరు కలీల (నిలువు ముక్కల) చీర లంగా కుట్టడం వచ్చినవాళ్లకి ఇందులో ముప్పాతిక పని వచ్చినట్టే. సికింద్రాబాద్‌లో నేను గౌన్లు కుట్టే చోట కొత్తగా చేరిన అమ్మాయిలకు కూడా చీర లంగా చేతికొచ్చాకే దీన్ని అప్పజెబుతాను.

ముందు ఉక్కు సంగతి. కావలసింది స్ప్రింగ్ స్టీల్ పట్టీ. అర అంగుళం వెడల్పు, పైన ప్లాస్టిక్ పూత లేదా నూలు అల్లిక ఉన్నది తీసుకోండి. కార్సెట్ (నడుం బిగించే లోజాకెట్టు) సామాను అమ్మే ఆన్‌లైన్ దుకాణాల్లో హూప్ స్టీల్ అని అడిగితే మీటర్ల లెక్కన ఇస్తారు. జానెడు ముక్కను గుండ్రంగా వంచి వదిలి చూడండి. టక్కున తిన్నగా అయిపోతే మంచి సరుకు. వంగినచోట మడత మిగిలితే వద్దు. పెట్టెలకు బిగించే ఇనుప ప్యాకింగ్ పట్టీ చవకని కొందరు వాడతారు. దాని అంచులు గుడ్డను కోస్తాయి, చెమట తగిలితే తుప్పు మరక తెల్ల శాటిన్ మీదికొస్తుంది. పెళ్లి గౌనుకి అది నేను ఒప్పుకోను. చుట్టు స్టీలు అని ఇంకో రకం ఉంటుంది, అది అన్ని వైపులా వంగుతుంది. జాకెట్టు పక్క కుట్లకు బాగుంటుంది కానీ రింగుకి పనికిరాదు.

ఇప్పుడు కొలతలు. హీల్స్ వేసుకుని నడుం నుంచి నేలకి 42 అంగుళాలు ఉన్న అమ్మాయికి నేను వేసే లెక్క చెబుతాను. ఐదు రింగులు. నడుం నుంచి గుడ్డ మీద 10, 17, 24, 30, 36 అంగుళాల దగ్గర ఒక్కోటి. వాటి చుట్టుకొలతలు వరసగా 60, 84, 102, 114, 120. పైన గబగబా పెరిగి, కిందికొచ్చేసరికి పెరుగుదల తగ్గుతోంది చూశారా? ఆ గంట ఆకారం అలాగే వస్తుంది. అన్నీ సమానంగా పెంచుకుంటూ పోతే గరాటా అవుతుంది, గౌను నడుం దగ్గర చప్పిడిగా పడుతుంది.

గుడ్డ మీద 36 అంగుళాలంటే నేలవైపు 36 దిగదు. గుడ్డ ఏటవాలుగా దిగుతుంది కాబట్టి పై కొలతల్లో కింది రింగు దాదాపు మూడున్నర అంగుళాలు పైనే ఆగుతుంది. అంటే నేలకి తొమ్మిదిన్నర అంగుళాల ఎత్తు. అది కావాలనే. అంతకంటే దించితే మెట్టెక్కేటప్పుడు చెప్పు మొన రింగులో పడుతుంది.

కలీలు ఆరు కాబట్టి చుట్టుకొలతని ఆరుతో భాగించండి: 10, 14, 17, 19, 20. నడుం దగ్గర 6 ఉంచండి, మిగులు కుచ్చులోకి పోతుంది. ప్రతి మట్టం దగ్గరా కుట్టుకి ఒక అంగుళం, వదులుకి పావు అంగుళం కలిపి గుర్తులు పెట్టి, ఆ గుర్తుల్ని నున్నటి వంపుతో కలపండి. చీర లంగా కలీలాగా పై నుంచి కిందికి స్కేలు పెట్టి గీత గీసేస్తే మధ్య మూడు రింగులకూ గుడ్డ చాలదు. ఇంట్లో కుట్టుకున్నామని నా దగ్గరికి రిపేరుకి వచ్చేవాటిలో ఎక్కువ ఇక్కడే దెబ్బతింటాయి.

గుడ్డ గట్టి కాటన్ ఉండాలి. సన్నటి డ్రిల్ అయితే మరీ మంచిది. శాటిన్ లైనింగ్ జారిపోతుంది, వద్దు. 44 అంగుళాల పన్నాలో పక్కపక్కన రెండు కలీలు పడతాయి, మూడున్నర మీటర్లు తీసుకుంటే సరి. నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తిరించండి. రింగులు దూరడానికి అంగుళం వెడల్పు ట్విల్ టేపు 13 మీటర్లు. ఉక్కు రింగులన్నీ కలిపి 480 అంగుళాలు, ఒక్కో జాయింటుకి రెండేసి అంగుళాలు ఎక్కింపు. 13 మీటర్లు కొనండి, కాస్త మిగులుతుంది.

కుట్టే వరస చెబుతాను. ఆరు కలీలనూ కలిపి వెనక ఒక్క కుట్టు మాత్రం వేయకుండా ఉంచండి. గుడ్డ ఇంకా బల్ల మీద పరుచుకుని ఉండగానే లోపలి వైపు ఐదు మట్టాల దగ్గరా టేపులు వేయండి. టేపు రెండు అంచులూ చిన్న కుట్టుతో, 16 నంబరు సూదితో, పాలిస్టర్ దారంతో కుట్టాలి. నూలు దారం ఉక్కు రాపిడికి తెగుతుంది. టేపు కొనలు మడిచి, వెనక కుట్టుకి ఇటూ అటూ ముప్పావు అంగుళం వదిలేయండి, ఉక్కు దూర్చే దారి అదే. తర్వాత వెనక కుట్టు వేసి, పైన తొమ్మిది అంగుళాలు తెరిచి ఉంచండి. నడుం సరిపోయిన లంగా పిరుదుల మీదుగా ఎక్కాలి కదా.

నడుం పట్టీ మీద మాత్రం పిసినారితనం వద్దు. రింగుల బరువు, గౌను బరువు, మెట్ల మీద గుంజే గుంజుడు, అన్నీ మోసేది అదే. బజారు లంగాల్లో ఇక్కడ ఎలాస్టిక్ పెడతారు, అందుకే ఫొటోలు పూర్తయ్యేలోపు రింగులు జారి గౌను కిందనుంచి తొంగి చూస్తాయి. చీర లంగాకి పెట్టినట్టు బొందు పెట్టినా కోసుకుపోతుంది. ఒకటిన్నర అంగుళాల పట్టీ తీసుకుని, లోపల బెల్టు కాన్వాస్ పెట్టి, ప్యాంటుకి వాడే పెద్ద హుక్కులు రెండు వేయండి. పెళ్లి దగ్గరపడేకొద్దీ అమ్మాయిలు చిక్కిపోతారు, రెండో జత హుక్కు కొక్కేలు అర అంగుళం లోపలికి ముందే వేసి ఉంచండి.

ఉక్కు కోసేటప్పుడు జాగ్రత్త. చుట్టగా కట్టి వస్తుంది. తాడు తెంపగానే పాములా లేస్తుంది. పిల్లల్ని పక్క గదిలోకి పంపండి, కళ్లద్దాలు పెట్టుకోండి, రేకు కత్తెరతో కోయండి. కోసిన మొనలు ఆకురాయితో నున్నగా చేసి, కరెంటు సామాను కొట్లో దొరికే హీట్ ష్రింక్ గొట్టం ఎక్కించి వేడి చూపిస్తే మూతలా పట్టేస్తుంది. రింగు దూర్చాక కొనలు రెండు అంగుళాలు ఒకదాని మీద ఒకటి ఎక్కించి, గట్టి క్లాత్ టేపు రెండు చోట్ల బిగించండి. ట్రయల్ అయ్యేదాకా ఇంతే. కొలత కుదిరాక ఇత్తడి గొట్టాలు పెట్టి పట్టకారుతో నొక్కేయొచ్చు. జాయింట్లన్నీ వెనక ఒకే వరసలో ఉంటే అక్కడ గౌను బల్లపరుపుగా కనిపిస్తుంది. ఒకటి విడిచి ఒకటి రింగుని తిప్పి, జాయింటు పక్కకి పోయేలా చూడండి.

పెళ్లినాటి చెప్పులే వేసుకుని, గౌనుతో సహా ఓ గంట ఇంట్లో తిరగమనండి. మీ బాత్‌రూమ్ తలుపు రెండున్నర అడుగులే అయితే భయపడకండి. కింది రింగు అడ్డుకొలత 38 అంగుళాలున్నా ఉక్కు నొక్కితే కోలగా మారి దూరిపోతుంది, దాటగానే మళ్లీ గుండ్రం. ప్లాస్టిక్ రింగు అలా తిరిగి రాదు.

ప్రశ్న: అక్కా, నేను రాజమండ్రిలో టైలరింగ్ చేస్తాను. ఉక్కు రింగుల లంగా కుట్టాను, గట్టిగానే ఉంది. కానీ శాటిన్ మీద రింగుల గీతలు మెట్లు మెట్లుగా కనిపిస్తున్నాయి. పైగా ముందు వైపు పైకి లేస్తోంది. కస్టమర్ ఒప్పుకోవడం లేదు.

జవాబు: రెండూ ఉక్కు తప్పులు కావు. రింగుల లంగా అస్థిపంజరం మాత్రమే, దాని మీద కండ ఉండాలి. రెండో రింగుకి కొంచెం పైనుంచి మొదలుపెట్టి కుచ్చుల లంగా ఒకటి పైన వేయండి, మెత్తటి కాటన్ లేదా మెత్తటి నెట్. కింది రింగు మీద ఎనిమిది అంగుళాల కుచ్చు పట్టీ విడిగా కుట్టండి, ఎందుకంటే అన్నిటికంటే గట్టిగా గీత పడేది అక్కడే. అయినా కనిపిస్తే రింగుల మధ్య దూరం ఎక్కువైందని అర్థం. కింద ఆరు అంగుళాలు దాటకూడదు.

ముందు లేవడానికి కారణం పొట్ట కావచ్చు, గౌను వెనక తోక బరువు కావచ్చు. తోక వెనక రింగుల్ని కిందికి లాగితే ముందుది లేస్తుంది. గౌను వేసిన తర్వాతే నేల నుంచి కింది రింగుకి చుట్టూ స్కేలుతో కొలవండి. గౌను లేకుండా కొలిచిన కొలత దండగ. వెనక ఎంత తక్కువుంటే అంత గుడ్డ వెనక నడుం పట్టీలోకి ఎక్కించేయండి. ముందు భాగం దించాలని మాత్రం చూడకండి, కాలికి తగులుతుంది. తోక మరీ బరువైతే నడుం వెనక చిన్న దూది మెత్త కుట్టండి, లాగుడు దాని మీద పడుతుంది.

ఇంకోటి, మీ కస్టమర్‌కి కూర్చోవడం నేర్పి పంపండి. వెనక రింగుల మీద కూర్చుంటే ముందు రింగు మూతి దాకా లేస్తుంది. కూర్చునే ముందు చేతులు పక్కల నుంచి వెనక్కి పోనిచ్చి, పై రెండు రింగుల్ని పైకెత్తి, కుర్చీ అంచున కూర్చోవాలి. రిసెప్షన్ స్టేజీ మీద వేసే మహారాజా కుర్చీల చేతులు రింగుల్ని రెండు వైపులా నొక్కేస్తాయి. చేతుల్లేని సోఫా కావాలని డెకరేషన్ వాళ్లకి ముందే చెప్పమనండి.

ప్రశ్న: మేడమ్, మేం టెక్సస్‌లో ఉంటాం. అమెరికా అంతర్యుద్ధ కాలం నాటి దుస్తులతో జరిగే ఒక బాల్ డ్యాన్సుకి మా అమ్మాయి వెళ్తానంటోంది. ఎత్తు ఐదడుగులు. గుడ్డ లంగా కుట్టాలా, టేపులతో వేలాడే ఖాళీ పంజరం చేయాలా? ఎంత వెడల్పు?

జవాబు: ఆ కాలానికైతే పంజరమే అసలైనది. ఉక్కు రింగుల పంజరానికి పారిస్‌లో పేటెంట్ తీసుకున్నది 1856లో. అంతకు ముందు ఆడవాళ్లు గుర్రపు వెంట్రుకలు కలిపి నేసిన గట్టి లంగా, దాని మీద గంజి పెట్టిన లంగాలు ఒకదాని మీద ఒకటి వేసుకునేవారు. ఉక్కు వచ్చి ఆ బరువంతా తీసేసింది. మనం ఈ రింగుల్ని వెక్కిరిస్తాం గానీ, ఆనాటి ఆడవాళ్లకి అది కాళ్లకి గాలి తగిలిన మొదటి సుఖం. 1860 దాటాక ముందు వైపు మెల్లగా చదునై, ఉబ్బంతా వెనక్కి జరుగుతూ పోయింది. అంతర్యుద్ధం 1861 నుంచి 1865 వరకు కాబట్టి, ఏ సంవత్సరం దుస్తులో అడిగి తెలుసుకుని రింగుల్ని కాస్త వెనక్కి తోసి కట్టండి.

కానీ మీ అమ్మాయి మొదటిసారి వేస్తోంది, పైగా డ్యాన్సు. ఖాళీ పంజరంలో రింగుల మధ్య గుడ్డ ఉండదు, గిర్రున తిరిగేటప్పుడు పాదం సందులో దూరుతుంది. మధ్యేమార్గం చెబుతాను. పై మూడు రింగులూ టేపుల మీద వేలాడదీయండి, కింది రెండు రింగుల మధ్య గుడ్డతో సంచిలా మూసేయండి. ఆనాటి పంజరాల్లోనూ ఇలాంటివి ఉన్నాయి, కాబట్టి వేషం చెడిందని ఎవరూ అనరు. నిలువు టేపులు ఎనిమిదికి తగ్గకూడదు. టేపూ రింగూ కలిసే ప్రతిచోటా చేత్తో నాలుగు కుట్లు గట్టిగా వేయండి, లేకపోతే రింగులన్నీ జారి ఒకచోట చేరతాయి.

ఐదడుగుల పిల్లకి 120 అంగుళాల రింగు వద్దు, నడిచే గుడారంలా ఉంటుంది. 100, మహా అయితే 105. లోపల మోకాళ్ల కిందిదాకా వచ్చే కాటన్ పైజామా తప్పనిసరి. గాలికి గానీ, ఎవరైనా ఆనుకున్నా గానీ రింగు అటు వైపు ఒక్కసారి లేస్తుంది. ఆ కాలంలోనూ పొడుగు లోదుస్తులు అందుకే వేసుకున్నారు.

కొవ్వొత్తులు పెట్టే హాలైతే అటువైపు వెళ్లొద్దని చెప్పండి. విజయవాడ అమ్మగారికి కూడా ఇది రాయాల్సింది. ఇంత వెడల్పు బట్ట ఎక్కడ దేనికి తగులుతోందో వేసుకున్న మనిషికి తెలియదు. 1863 డిసెంబరు 8న చిలీ రాజధాని శాంటియాగోలో చర్చి తగలబడి రెండు వేలమందికి పైగా పోయారు, చాలామంది ఆడవాళ్లే. గుమ్మాల దగ్గర ఆ వెడల్పు లంగాలు కూడా దారికి అడ్డమయ్యాయి. ఇప్పటి శాటిన్, నెట్ పాలిస్టర్‌వి, అంటుకుంటే కరిగి ఒంటికి పట్టుకుంటాయి. చర్చిలో కొవ్వొత్తి వెలిగించాల్సి వస్తే బల్లని ముందుకు జరిపించి, గౌను అంచు బల్లకి అడుగు దూరంలో ఉండేలా పెళ్లికూతుర్ని నిలబెట్టి, పొడుగు కాడ ఉన్నదానితో వెలిగించమనండి. స్టేజీ మీద నిప్పురవ్వలు చిమ్మే కోల్డ్ ఫైర్ యంత్రాలు పెడతామంటే ఒప్పుకోకండి.

దాచడానికి ఇంత లంగా ఎక్కడ పెట్టాలా అనుకోకండి. రింగులన్నీ ఒకచోటికి చేర్చి, ఎనిమిది అంకెలా మెలితిప్పి సగానికి మడిస్తే చిన్న చుట్ట అవుతుంది, నాడా కట్టి సూట్‌కేసులో పెట్టేయొచ్చు. వదిలేటప్పుడు మాత్రం మొహానికి దూరంగా పట్టుకోండి. ఉతకాలంటే రింగులు తీసేసి గుడ్డని మాత్రమే ఉతికి, పూర్తిగా ఆరాక మళ్లీ దూర్చండి. తీసేటప్పుడే ఒక్కో రింగుకి నంబరు రాసిన కాగితం అంటించండి, 114కీ 120కీ తేడా చూపుకి తెలియదు.